ఆయన అనని మాట

కొన్నేళ్లుగా ఒక మాట గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెబుతున్నాను. తెలిసినవాళ్లతో చెప్పే ధైర్యమే ఉంటే ఎప్పుడో చెప్పేవాణ్ణి.

బతుకుదెరువు కోసం వచ్చిన ఈ పరాయి నగరంలో, లింబాయత్ అనే పేటలో మాకో చిన్న తెలుగు ప్రార్థన కూటం ఉంది. మేడ మీద ఒకే గది. అక్కడ నన్ను 'ప్రార్థన చేసే అన్న' అంటారు. నిజమే, లేచి నిలబడ్డానంటే నా నోటికి అడ్డే ఉండదు. 'కృపగల తండ్రీ' అని ఎత్తుకుంటే చాలు, మాటలు వాటంతటవే వస్తాయి, అక్కలు కళ్లు తుడుచుకుంటారు. మెట్లు దిగి వీధిలోకి రాగానే ఆ తండ్రితో నాకు పని అయిపోయేది.

దేవుడు లేడని నేనెప్పుడూ అనలేదు. అంత తెగువ నాకెక్కడిది? ఆయన అవసరం లేకుండా బతికాను, అంతే. ఖటోదరాలో షెడ్డు కిరాయికి తీసుకున్నప్పుడు ఆయన్ను అడిగానా? సాంచాలు, అంటే మరమగ్గాలు, పెంచినప్పుడు అడిగానా? నా భార్య పోయినప్పుడు ఏడ్చాను గానీ, ఆయన దగ్గర ఏడవలేదు. ఆమె లేని ఇంట్లో టీవీ పెట్టుకుని పడుకునేవాణ్ణి. మాట్లాడటానికి ఒకడున్నాడని ఊరందరికీ చెప్పే నాకు, ఆ ఒక్కడితో మాట్లాడాలని తట్టనే లేదు. నోటికి మాత్రం 'దేవుడి దయవల్ల' అనే మాట ఊతపదంలా అంటుకుని ఉండేది.

నా కార్ఖానాలో శంకరయ్య అని ఒకతను సాంచాలు నడిపేవాడు. మాలాగే సిరిసిల్ల వైపు నుంచి వచ్చినవాళ్లు. హిందువులు, ఇంట్లో ఎల్లమ్మ పటం ముందు రోజూ దీపం పెట్టుకుంటారు. అతనికి ఊపిరితిత్తుల జబ్బు చేసి మంచం పట్టాడు. మందులు నడుస్తున్నాయి. ఒకరోజు అతని భార్య రాజవ్వ వచ్చి, మీ దేవునికి జర చెప్పన్నా అంది. చెప్తానన్నాను. మా కూటంలో ఇది మామూలే. ప్రార్థనలో పెట్టుకో అన్నా అంటారు, పెట్టుకుంటానంటాను. పెట్టుకున్నావా అని మళ్లీ అడిగేవాళ్లుండరు.

రాజవ్వ అడిగింది.

ఆ రోజు సలాబత్‌పురాలో మా బట్ట కొనే సేఠ్‌కి పండగ మాల్ పంపాలి. టెంపో వాడు బయట హారన్ కొడుతున్నాడు. సాంచాల చప్పుడులో ఆమె నా చెవి దగ్గరికొచ్చి అరిచింది.

"అన్నా, మీ దేవునికి చెప్పినవా?"

"చెప్పిన."

"ఏమన్నడు?"

ఏమన్నాడు! వాళ్ల ఊళ్లో అమ్మవారు పూనిన మనిషిని అడిగితే అక్కడికక్కడే జవాబొస్తుంది. దేవుడంటే అడిగితే పలికేవాడని ఆమెకు చిన్నప్పటి నుంచీ తెలుసు. నేను పుట్టుకతో క్రైస్తవుణ్ణి. ఈ ప్రశ్న నన్ను ఎవరూ ఏనాడూ అడగలేదు.

ఇంకా చెప్పలేదమ్మా అనొచ్చు కదా? మరిచిపోయిన, ఇప్పుడే చెప్తా అన్నా సరిపోయేది కదా? టెంపో వాడు మళ్లీ హారన్ కొట్టాడు.

"మంచిగైతడన్నడు!" అని అరిచాను. "ఫికర్ చెయ్యకు, పో!"

ఆమె ముఖం వెలిగిపోయింది. "గట్లయితే ఊరికి తోల్కపోవుడు వద్దా? అవ్వను చూస్తనని ఒక్కటే కలవరిస్తుండు."

"ఎందుకు? ఈడనే లేస్తడు గదా!"

చేతులు జోడించి వెళ్లిపోయింది. నేను మాల్ ఎక్కించుకున్నాను. సాయంత్రానికి ఆ సంగతే గుర్తులేదు. ఇప్పుడు ఆలోచిస్తే ఒళ్లు జలదరించేది అబద్ధం ఆడినందుకు కాదు, ఆడాక హాయిగా అన్నం తిన్నందుకు. ఆయన వింటున్నాడన్న ఎరుక రవ్వంతైనా ఉంటే ఆ మాట నోటి దాకా వచ్చేదా? సేఠ్ పేరు చెప్పి అలాంటి అబద్ధం ఆడగలనా? ఆడను. సేఠ్ ఫోన్ చేసి అడుగుతాడని భయం.

శంకరయ్య లేవలేదు. ఊళ్లో ఉన్న అవ్వను, అంటే కన్నతల్లిని, చూడకుండానే పోయాడు. కదలలేని ఆ ముసలామె అంత దూరం రాలేకపోయింది. తాపీ నది ఒడ్డున దహనం అయ్యాక రాజవ్వ నా ముందుకొచ్చి నిలబడింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"మీ దేవుడు అబద్ధమాడిండన్నా" అంది.

నేను తల దించుకున్నాను. ఆ క్షణంలో నోరు విప్పి ఉంటే నా పరువు పోయేది, అంతే కదా? విప్పలేదు. నింద ఆయన మీదికి పోనిచ్చాను. ఆయన ఎలాగూ ఎదురు చెప్పడు కదా అనుకున్నానేమో. చూస్తున్నవాళ్లు నాది దుఃఖమనుకున్నారు. తర్వాత ఆమె ఊరికి వెళ్లిపోయింది. ఎక్కడుందో కనుక్కోవాలంటే ఒక్క ఫోన్ చాలు. ఇప్పటిదాకా చేయలేదు.

ఆ తర్వాత కూడా మేడ మీద గదిలో లేచి ప్రార్థనలు చేస్తూనే ఉన్నాను. అక్కలు కళ్లు తుడుచుకుంటూనే ఉన్నారు. కానీ ఇంట్లో ఒంటరిగా మోకరిస్తే ఒక్క మాట రాదు. ఎవరూ వినని చోట నాకు మాటలే లేవని అప్పుడు తెలిసింది. ఎంతమంది మధ్య కూర్చున్నా నన్ను వదలని ఒంటరితనం అక్కడి నుంచే వస్తోందని నాకు అనిపిస్తుంది.

మొన్న ఆదివారం పాస్టరు గారు ముగింపు ప్రార్థన నన్ను చేయమన్నారు. లేచాను. ఇక ఆపుకోలేక, "నాకు ప్రార్థన చేయడం రాదు. నేను అబద్ధికుణ్ణి" అన్నాను. వెనక నుంచి ఒక అక్క, "ఎంత తగ్గింపో చూడుండ్రి, ఆమెన్!" అంది. మా కూటం భాషలో తగ్గింపంటే వినయం. అందరూ ఆమెన్ అన్నారు. పాస్టరు గారు నా భుజం తట్టారు. నేను కూర్చున్నాను.

మీరు మాత్రం ఆమెన్ అనకండి. అది తగ్గింపు కాదు. నేను దేవుడి పేరు చెప్పి అబద్ధమాడాను. దాన్ని నమ్మి భార్య ఊరికి తీసుకెళ్లలేదు, ఒక కొడుకు తల్లిని చూడకుండా చనిపోయాడు. ఒక ఆడమనిషి ఈ రోజుకీ దేవుణ్ణే అబద్ధాలకోరు అనుకుంటోంది. ఆయన ఏమీ అనలేదు. నేను అడగనే లేదు.