తమ్ముడి మొదటి అడుగులు, జింక పురుగు

నా చిన్నప్పుడు మేం సింగపూర్‌లో, బిషాన్ అనే పేటలో రెండో అంతస్తు ఫ్లాట్‌లో ఉండేవాళ్లం. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకి మనవాళ్లు విమానాల నిండా దిగుతున్న రోజులవి. నాన్నా అలా వచ్చినవాడే. పక్కింటి అక్క మాత్రం జంతువుల ఒంట్లో పురుగుల మీద పరిశోధన చేసేది. నేను ఆవిణ్ణి ప్రశ్నలతో చంపుకుతినేదాన్ని.

ఒకరోజు సాయంత్రం రెయిన్‌డీర్ అనే మంచుదేశపు జింక సంగతి చెప్పింది. దాని పేడలో బయటికొచ్చిన పురుగు పిల్లలు నత్తలోకి దూరి పెరుగుతాయట. జింక గడ్డితోపాటు ఆ నత్తనీ మేస్తే, కడుపు గోడ దాటి వెన్నులోకి చేరతాయట. అప్పుడు జింక కాళ్లు తడబడతాయట.

ఆ మధ్యాహ్నమే కుండీలో గోంగూర ఆకు తుంచి, దానిమీద నత్తపిల్లని విదిలించేసి, కడక్కుండానే ఇంకా నడక రాని తమ్ముడి నోట్లో పెట్టాను. పులుపుకి వాడి మొహం చూడాలని సరదా.

మర్నాడే వాడు మంచం వదిలి తడబడుతూ నాలుగడుగులు వేశాడు. ఇల్లంతా చప్పట్లు. అడుగులేశాడని అమ్మ అరిసెలు వండి, అక్కకి ఇచ్చి రమ్మంది. గిన్నె చేతిలో పెడుతూనే ఏడ్చేశాను.

"ఆ జింకలాగే నడుస్తున్నాడు అక్కా. నా వల్లే లా," అన్నాను అక్కడి పిల్లల యాసలో.

అక్క నవ్వలేదు. కారిడార్‌లో ముగ్గుపిండితో నత్త, కడుపు, వెన్ను గీసింది. కండలు, ఊపిరితిత్తులు, మళ్లీ పేడ దాకా గీత లాగింది. కండల్లో పెట్టిన గుడ్లు రక్తంలో ఊపిరితిత్తులకి చేరతాయని, అక్కడ పుట్టిన పిల్లలు దగ్గుతో గొంతులోకొచ్చి మళ్లీ కడుపులోకి దిగుతాయని చెప్పింది. అంతా నెలల ప్రయాణం.

"నువ్వే ఆ పురుగువనుకో. నిన్న బయల్దేరావు. కడుపు నించి వెన్నుకే వారాలు పడుద్ది. ఇవ్వాళ ఎక్కడుంటావు?"

వెళ్లి కడుపు బొమ్మలో నిలబడ్డాను. వెన్నుదాకా ఎంత దూరముందో చూస్తే ఏడుపు ఆగింది.

"వాడిది నడక నేర్చుకునే తడబాటే. ఇది జింకల పురుగు. కానీ ఇక్కడి నత్తల్లో మనుషులకి చెరుపు చేసేవీ ఉంటాయి. అమ్మకి చెప్పాలి. నేనూ వస్తా పద."

అంతా విని అమ్మ నా వీపు మీద ఒక్కటిచ్చి, వాణ్ణి చంకనేసుకుని క్లినిక్‌కి పరిగెత్తింది. తర్వాత కొన్ని వారాలు అక్క రోజూ వచ్చి వాడి నడక చూసి వెళ్లేది. వాడికేమీ కాలేదు.

ఇప్పుడు చుట్టుపక్కల పిల్లలకి నేనే ఆంటీని. ఆకుకూర ప్రతి ఆకూ రెండువైపులా కడుగుతాను. ఎవరైనా భయంతో నా దగ్గరికొస్తే, "ఏం కాదులే" అనడానికి నోరు రాదు. వాళ్లు భయపడేది ఎక్కడిదాకా వచ్చిందో ఇద్దరం కూర్చుని చూస్తాం. ఆ తర్వాత వాళ్లమ్మ దగ్గరికి నేనూ వెళ్తాను.