మా అత్త గ్రీసు నిద్ర

ఆ రోజుల్లో మదనపల్లె నుంచి సముద్రం ఎంత దూరమో నాకు తెలియదు గానీ, దాన్ని గీయడం మాత్రం బాగా తెలుసు. (చూడకపోవడం వల్లే అంత ధైర్యమని ఇప్పుడనిపిస్తుంది.) ఎనభైల మొదట్లో బస్టాండు దగ్గర ఒక ఫోటో స్టూడియోలో కొత్తగా పనికి చేరాను. ఫోటో దిగేవాళ్ళ వెనక కట్టే గుడ్డ తెర మీద, పాత క్యాలెండరులో చూసిన గ్రీసు దీవిని దించేశాను. నీలం సముద్రం, కొండ నిండా తెల్లటి ఇళ్ళు. తెర ముందర ఒక నిజం పడక కుర్చీ వేశాను. విదేశాల్లో విశ్రాంతి, మదనపల్లె రేటుకే! నా అంతటి చిత్రకారుడు జిల్లాలోనే లేడని నాకు గట్టి నమ్మకం.

అయితే ఆ కుర్చీలో కూర్చునేవాళ్ళే లేరు. బి.కొత్తకోట రైతు ఒకాయన తెరను ఎగాదిగా చూసి, "ఇన్ని నీళ్ళుండాయి, ఒక్క సేను గూడా లేదే! ఈ ఊరోళ్ళు ఏం తింటారప్పా?" అని పాత గులాబీ తోట తెర ముందుకు పోయాడు. మేము లైటన్న అని పిలిచే మా ఓనరు తేల్చి చెప్పేశాడు. "శనివారం లోగా దీని ముందర ఎవురన్నా కూకుంటే సరి. లేకుంటే సున్నం కొట్టేస్తాం." నా ప్రాణం ఉసూరుమంది.

టమోటాలతో మార్కెట్టుకు వచ్చిన మా మేనత్తను బతిమాలి లాక్కొచ్చాను. రామసముద్రం పక్క పల్లె ఆమెది. పేడ, పాలు, చేను, మళ్ళీ పేడ. ఆమె తీరిగ్గా కూర్చుని అన్నం తినగా నేను చూడలేదు. "వాలుకో అత్తా, సముద్రం గాలి తగుల్తాండాదనుకో" అన్నాను. వాలింది. లైటన్న కెమెరా సరిచేసుకునే లోపలే గురక! లేపబోతే నన్ను ఆపి, బటన్ నొక్కేశాడు. "ఇదిరా రెస్టంటే!" అని పెద్ద సైజులో వేయించి షోకేసులో పెట్టాడు. నా కాళ్ళు నేల మీద ఆనలేదు.

మా వైపు కళ్ళు మూసుకున్న ఫోటో ఎవరికి తీస్తారో మా ఇద్దరికీ తట్టనే లేదు. (మనిషి పోతే కుర్చీలో కూర్చోబెట్టి చివరిగా ఒక ఫోటో తీయించుకోవడం మామూలే.) పుంగనూరు బస్సు కోసం నిలబడ్డ చుట్టాలు దాన్ని చూశారు. "స్వర్గం గూడా గీయించినారే పాపం!" అనుకున్నారట. కబురు కుప్పం దాకా పాకింది. మరునాడు చుట్టాలంతా పూలదండలతో, శోకాలతో ఆ పల్లెలో దిగేసరికి అత్త వాకిట్లో వేరుశనక్కాయలు ఒలుస్తోంది. "నాకు సచ్చేదానికి గూడా తీరిక యాడుండాది?" అని అరిచిందట. అరిచినా, వచ్చినవాళ్ళందరికీ సంగటి కెలికి పెట్టక తప్పలేదు.

నా తెరకు చావు తెర అని పేరు పడింది. లైటన్న సున్నం బకెట్టు నా చేతికిచ్చాడు. నేను ఏడుపు మొహంతో బ్రష్షు ముంచానో లేదో, గుమ్మంలో అత్త. చెంప పగలడం ఖాయమని గోడకు అతుక్కుపోయాను.

"యాడరా ఆ సముద్రం?"

చూపించాను. పోయి పడక కుర్చీలో కూలబడింది. "ఫోటో గీటో ఏమొద్దు. ఆ పొద్దు పట్టినట్ల నిద్ర నాకు పెండ్లయినంక ఎప్పుడూ పట్టలేదు. రవంతసేపు నన్ను లేపొద్దండి" అంది. లైటన్న బకెట్టు పక్కకు జరిపి, తనే లైట్లు ఆర్పాడు.

ఆ తెర సున్నానికి చిక్కకుండా చాలా ఏళ్ళు బతికింది. నేను మాత్రం ఇప్పటికీ గ్రీసు చూడలేదు. నిజం సముద్రం చూసొచ్చినవాళ్ళు, అలలు నువ్వు గీసినట్టు ఉండవయ్యా అని నవ్వుతారు. ఉండకపోవచ్చు. మా అత్తకు నిద్ర పట్టింది కదా అనుకుంటాను, అదే పాత పొగరుతో.