పెదనాన్న వంతు వచనం

గడ్డం గీసుకునేటప్పుడు మా పెదనాన్న మాట్లాడేవాడు కాదు. వినేవాడు. వంటగది గుమ్మం పక్కన మేకుకి చిన్న అద్దం, దాని కింద నీళ్ల మగ్గు, అద్దంలో సగం సబ్బు పట్టిన మొహం. గుమ్మానికి ఇవతల ముక్కాలిపీట మీద పెద్దమ్మ కూర్చుని బైబిలు వాక్యం చదివేది. ఒక వచనం చదివి ఆగేది. పెదనాన్న ఆ వచనాన్ని అద్దానికి అప్పజెప్పేవాడు. తప్పు పోతే పెద్దమ్మ నాలుక చప్పరించేది. తప్పు లేకపోతే తర్వాతి వచనం. రోజుకి నాలుగో అయిదో చొప్పున, శనివారానికి అధ్యాయం మొత్తం నోటికొచ్చేది.

కిటికీ తెరిచే ఉండేది కాబట్టి వీధిలో అందరూ దీన్ని భక్తి అనుకునేవారు. భక్తి కొంత ఉన్నమాట నిజమే. మిగతాదేమిటంటే, పెదనాన్నకి చదవడం రాదు.

ఆయనది తాళాల పని. బజారులో మందుల షాపుకీ ఫొటో స్టూడియోకీ మధ్య ఒక గది. ఇద్దరు బేరగాళ్లు వస్తే ఒకరు బయట నిలబడాలి. బోర్డు మీద అక్షరాలు లేవు, పసుపురంగు తాళంచెవి బొమ్మ ఒక్కటే ఉంది. పేరు రాయించలేదేమని ఎవరైనా అడిగితే, "తాళంచెవి పారేసుకున్నవాడికి చదివే ఓపిక ఉంటుందా?" అనేవాడు. లోపల గోడ నిండా మేకులు, మేకులకి ఇంకా పళ్లు కొయ్యని తాళంచెవులు. పన్నెండేళ్ల కిందట తను చేసిన చెవి అరిగిపోయి మళ్లీ వస్తే, వేలితో తడిమి, "ఇది మీ మెట్ల కింద గదిది కదూ?" అంటాడు. ఆ గదిలో ఏముందో వాళ్లే మర్చిపోయి ఉంటారు.

ఆయనకి నియమం ఒకటే. తాళం చూడకుండా చెవి చెయ్యడు. సబ్బు మీద ముద్ర తెచ్చినా, కాగితం మీద గీసుకొచ్చినా, పిల్లల మీద ఒట్టేసినా అంతే. "తాళమన్నా తీసుకురండి, నన్నన్నా తాళం దగ్గరికి తీసుకెళ్లండి." దీనివల్ల కొన్ని బేరాలు పోయాయి. ఒక దొంగ కూడా విసుక్కుని వెళ్లిపోయాడని పెద్దమ్మ అంటుంది. దొంగ అని ఎలా తెలిసిందంటే, తాళం దగ్గరికి తీసుకెళ్లమంటే వాడు ఒప్పుకోలేదట.

చదువు రాకపోవడానికి పెద్ద కథేమీ లేదు. ఎనిమిదో ఏట మేనమామ కొట్లో ఆకురాయి చేతికిచ్చారు. బడివాళ్లు రమ్మనలేదు, ఇంట్లోవాళ్లు పొమ్మనలేదు.

మా ప్రెస్బిటేరియన్ సంఘంలో ఆదివారం ఆరాధనకి ముందు, తొమ్మిదింటికి, పెద్దవాళ్లకి క్లాసు ఉంటుంది. దాని పేరు వయోజన విద్య. చర్చి వెనక గదిలో పద్నాలుగు కుర్చీలు గుండ్రంగా వేస్తారు. నడిపేది పళ్ల డాక్టరుగారు, ఆయన సంఘ పెద్దల్లో ఒకరు. అధ్యాయాన్ని తలా ఒక వచనం చొప్పున వరసగా చదివి, ఆపైన ఆరాధన గంట కొట్టేదాకా వాదించుకుంటారు. మా సంఘంలో దేనికైనా పద్ధతి ఉండాలి. ఫ్యాను వేగం తగ్గించాలన్నా ఒకరు ప్రతిపాదించాలి, ఇంకొకరు బలపరచాలి, మినిట్స్ పుస్తకంలోకి ఎక్కాలి. ఈలోగా చలికాలం వచ్చిన సందర్భాలున్నాయి.

ఈ కథ జరగడానికి పదకొండేళ్ల ముందు పెదనాన్న ఆ గది తలుపు గడియ బాగుచెయ్యడానికి వెళ్లి, వాదన విని, స్క్రూడ్రైవరు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. కొట్టుకి వచ్చేవాళ్లందరూ చెవి పోయిందనో, తాళం పట్టేసిందనో తప్ప వేరే మాట మాట్లాడరు. ఇక్కడ పద్నాలుగుమంది ఒక్క మాట గురించి ముప్పావుగంట కొట్టుకుంటున్నారు. ఎవరో ఒక కుర్చీ లాగి, చేతిలో పుస్తకం పెట్టారు. వంతు తిరిగి తిరిగి ఆయన దగ్గరికి వచ్చింది. "అద్దాలు తేలేదండి," అన్నాడు. ఆయనకి అప్పటికి అద్దాలే లేవు. సోమవారం ఒక జత కొన్నాడు. మంగళవారం నుంచి పెద్దమ్మ ముక్కాలిపీట ఎక్కింది.

పద్ధతి తేలికే. పక్కవాళ్ల పుస్తకం ఎంత మందాన తెరుచుకుందో చూసి తనదీ అంతే మందాన తెరిచేవాడు. ముందువాళ్ల వచనం అయిపోగానే తర్వాతిది దానంతటదే నోట్లోకి వచ్చేది. పదకొండేళ్లలో ఒక్కసారి కూడా తడబడలేదు. అంత బాగా చదివేవాళ్లు క్లాసులో ఇంకొకరు లేరని పళ్ల డాక్టరుగారే అన్నారు. వంతు దాటేసేది ప్లంబరు ఒక్కడే. నాలుగేళ్లుగా ప్రతి ఆదివారం అతనికి గొంతు బాగుండేది కాదు. "గొంతండీ," అని మెడ పట్టుకుని చూపించేవాడు. ఆర్గాను వాయించే మామ్మగారు ఉప్పునీళ్లు పుక్కిలించమనేవారు. వంతు పక్క కుర్చీకి పోయేది.

ఇలా ఉండగా ఒక ఆదివారం క్లాసులో నల్ల అట్టల పుస్తకాలకి బదులు నీలం అట్టలవి పంచారు. పెదనాన్న అట్టలు మార్చారనుకున్నాడు. మార్చింది అనువాదం. వాడుక మాటల్లో కొత్తగా వచ్చిందని పళ్ల డాక్టరుగారు ముచ్చటపడి తెప్పించారు. ముందువాళ్ల వచనాలు ఏదో తేడాగా వినిపించాయిగానీ, అర్థం పట్టుకుని, తన వంతు రాగానే పెదనాన్న ఎప్పట్లాగే మొదలుపెట్టాడు. కొత్తదాంట్లో తొమ్మిది మాటలున్న వచనం ఆయన నోట్లో ఇరవై మాటలయింది.

అందరూ తమ తమ పుస్తకాల్లోకి ఓసారి చూసుకున్నారు.

"మీరు చదివింది ఈ పుస్తకంలో లేదండీ," అన్నారు పళ్ల డాక్టరుగారు.

పెదనాన్న పుస్తకం వైపు చూశాడు. పుస్తకం ఏం సాయం చెయ్యలేదు.

"నాకు ఇదే అలవాటండి," అన్నాడు.

అది పచ్చి నిజం. కానీ ఆర్గాను మామ్మగారు కుర్చీలోంచి సగం లేచారు. "అలా అనండి బాబూ! కొత్త పుస్తకం చేతిలో పెట్టినా పాత వాక్యమే పలికాడంటే, అది కళ్లతో చదివింది కాదు, గుండెల్లోంచి వచ్చింది. ఈ నీలం పుస్తకాలు ఎవరడిగారు డాక్టరుగారూ? నేనడిగానా?"

"అర్థం కావాలి కదండీ మామ్మగారూ."

"నాకు అర్థమవుతూనే ఉంది. డెబ్భై రెండేళ్లుగా అవుతోంది. మీకెప్పట్నించి అవడం మానేసింది?"

తర్వాతి ఆదివారానికి మామ్మగారూ ఇంకో అయిదుగురూ ఇంటి నుంచి నల్ల పుస్తకాలు తెచ్చుకున్నారు. గుండ్రంగా ఉండాల్సిన కుర్చీలు రెండు అర్ధచంద్రాలయ్యాయి. పెదనాన్న ఎటు కూర్చోవాలో తెలియక గుమ్మం దగ్గర కూర్చున్నాడు. అక్కడ కూర్చుంటే మామ్మగారి పక్షమని లెక్కట.

"ఇదంతా నీవల్లే," అన్నాడు ఇంటికొచ్చి పెద్దమ్మతో.

"నావల్లా? నేను మన ఇంట్లో ఉన్నదే చదివాను. ఆ నీలందొకటి పట్టుకురండి, అదీ చదువుతాను. చర్చి బీరువాకి చెవి చేసింది మీరే, ఒకటి మీ దగ్గరేగా ఉంది."

"చర్చి బీరువాలోంచి పుస్తకం ఎత్తుకురమ్మంటావా?"

"ఎత్తుకురావడమేంటి? చదవడానికి తేవడం."

"చదవడానికా? ఎవరు?"

"పోనీ, వినడానికి తెచ్చుకోండి."

తెచ్చాడు. వారమంతా నీలం పుస్తకం విన్నాడు. కానీ నల్లది బుర్రలోంచి పోలేదు. ఆదివారం వంతు వచ్చేసరికి, ఒక తాళంలో రెండు చెవులు దూరినట్టయింది. వచనం కొత్తదాంట్లో మొదలై పాతదాంట్లో ముగిసింది. పళ్ల డాక్టరుగారు మొదటి సగానికి చిరునవ్వు నవ్వారు. మామ్మగారు రెండో సగానికి తలూపారు. ఆ రోజు ఆరాధన అయ్యాక పాస్టరుగారు పెదనాన్న చెయ్యి పట్టుకుని, "ఇద్దరినీ కలుపుకుపోయే మనసండీ మీది," అన్నారు. పెదనాన్న ఆ చెయ్యి ఎలా వెనక్కి తీసుకోవాలో తెలియక చాలాసేపు ఇచ్చి ఉంచాడు.

కలుపుకుపోవడం మాత్రం జరగలేదు. మూడో వారానికి రెండు క్లాసులు పెట్టుకుందామన్న మాట పుట్టింది. మామ్మగారు ఇంకో అడుగు ముందుకేసి, నల్ల పుస్తకాలు తిరిగి రాకపోతే ఆర్గాను మూత తెరవనన్నారు. మా సంఘంలో ఆర్గాను వాయించడం వచ్చింది ఆమె ఒక్కరికే. పెద్దల సభ కూర్చుని, ప్రతిపాదించి, బలపరిచి, ఒక ఉత్తరం రాసింది. పెద్దమ్మ దాన్ని ముక్కాలిపీట మీంచి చదివి వినిపించింది. రెండు అనువాదాల్నీ పెదనాన్న క్షుణ్ణంగా ఎరిగినవారు కాబట్టి, వచ్చే ఆదివారం ఒకే అధ్యాయాన్ని రెండింటిలోనూ అందరి ముందూ చదివి, ఏది మేలో సెలవివ్వాలి. ఆయన మాటకి ఇరుపక్షాలూ కట్టుబడతాయి.

పెదనాన్న గడ్డం తెగింది.

"ఏముందండీ," అంది పెద్దమ్మ, పత్తి అందిస్తూ. "పదహారు వచనాలు. రెండు రకాలుగా ముప్పైరెండు. మీకదో లెక్కా?"

లెక్క కాదు. గురువారానికే రెండూ వచ్చేశాయి. ఈసారి కలగాపులగం కూడా కాలేదు. కావాలంటే ఎవరికీ అనుమానం రాకుండా గట్టెక్కగలడు. మళ్లీ పదకొండేళ్లు గడిచిపోతాయి. శుక్రవారం మాత్రం అప్పజెప్పడం సగంలో ఆపేసి, అద్దంలోంచి పెద్దమ్మ వైపు చూశాడు.

"ఏది మేలని చెప్పాలి?"

"మీకు ఏది నచ్చితే అది."

"రెండూ నీ గొంతులోనే విన్నాను. రెండూ బాగానే ఉన్నాయి."

"అదే చెప్పండి."

"ఆవిడ ఆర్గాను మూసేస్తానంటోంది. ఆయన వేరే క్లాసు పెడతానంటున్నాడు. అందరూ నా మాట మీద ఆగారు. నేనేమో..." అని ఆగి, మగ్గులో రేజరు కడిగాడు. "నిజం చెబితే ఇంక ఆ గదిలో అడుగుపెట్టలేను."

పెద్దమ్మ పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకుంది. "నాలుగు రోజులు కష్టంగా ఉంటుంది. తర్వాత మీ ఇష్టం," అంది.

ఆదివారం గదిలో పద్నాలుగు కుర్చీలు చాలలేదు. పెద్దమ్మ కూడా వచ్చి వెనక కూర్చుంది. పాస్టరుగారు ప్రార్థన చేశారు. పళ్ల డాక్టరుగారు నల్లదీ నీలందీ బల్ల మీద పక్కపక్కనే పెట్టి, అంచులు సమంగా సర్దారు. పెదనాన్న లేచి రెండింటినీ చెరో చేత్తో పట్టుకున్నాడు.

"నేను చూడని తాళానికి చెవి చెయ్యనండి," అన్నాడు.

ఇది ఉపమానమనుకుని మామ్మగారు కళ్లు మూసుకున్నారు.

"ఇది ఉపమానం కాదండి మామ్మగారూ. ఈ రెండూ నేను ఎప్పుడూ చూళ్లేదు. చూసినా లాభం లేదు. నాకు చదవడం రాదు."

"అద్దాలు గానీ..." అన్నారు పళ్ల డాక్టరుగారు.

"అద్దాలు కాదండి. అక్షరాలు."

"మరి పదకొండేళ్లుగా?"

"మా ఆవిడ చదివేదండి. నేను గడ్డం గీసుకునేవాణ్ణి."

అందరూ పెద్దమ్మ వైపు తిరిగారు. పెద్దమ్మ కిటికీ వైపు తిరిగింది.

ముందుగా తేరుకున్నది ఆర్గాను మామ్మగారు. "అయితే మూడు వారాల్నించి నేను పళ్లు నూరింది ఎవరి కోసం?"

"నూరితే అరుగుతాయండీ. ఓసారి క్లినిక్కుకి రండి, చూస్తాను," అన్నారు పళ్ల డాక్టరుగారు. వెటకారం కాదు, ఆయన వృత్తి.

ఆపైన ఆయనే మినిట్స్ పుస్తకం ముందుకు లాక్కున్నారు. పదకొండేళ్లుగా పెదనాన్న పేరుకి ఎదురుగా 'చదివారు' అని రాసి ఉందనీ, అది తప్పుడు దాఖలా అవుతుందనీ అన్నారు. పాస్టరుగారు, 'వినిపించారు' అని దిద్దితే సరిపోతుందన్నారు. ఒకరు ప్రతిపాదించారు, ఒకరు బలపరిచారు. పెదనాన్న పుస్తకాలు బల్ల మీద పెట్టేసి, బీరువా తాళంచెవి కూడా తీసి వాటి పక్కన పెట్టి, గుమ్మం వైపు నడిచాడు.

"ఎక్కడికి?" అన్నారు మామ్మగారు.

"కొట్టుకండి."

"ఆదివారం కొట్టేంటి? కూర్చోండి. ఈ క్లాసు పేరేంటి డాక్టరుగారూ?"

"వయోజన విద్య."

"ఈయన వయోజనుడేనా?"

"అరవై దాటాయి కదండీ."

"మరి విద్య మాటేంటి?"

పళ్ల డాక్టరుగారు కలం మూత తీశారు. తాళాలాయనకి అక్షరాలు నేర్పించాలని ఆయన ప్రతిపాదించారు. ఆర్గాను మామ్మగారు బలపరిచారు. మూడు వారాల్లో ఆ ఇద్దరూ ఒక మాట మీద నిలబడడం అదే మొదటిసారి. చేతులెత్తమన్నారు. అందరూ ఎత్తారు. ప్లంబరు మాత్రం ఎత్తిన చెయ్యి దించలేదు.

"చెప్పు బాబూ, గొంతా?" అన్నారు మామ్మగారు.

"కాదండి," అన్నాడు ప్లంబరు. నాలుగేళ్లుగా బాగులేని ఆ గొంతు ఖంగుమంది. "నా పేరు కూడా రాసుకోండి."

ఏ పుస్తకంతో నేర్పాలన్న దగ్గర మళ్లీ గొడవ రాబోయి ఆగింది. మంగళవారం పళ్ల డాక్టరుగారి క్లినిక్కులో నీలం పుస్తకం, గురువారం మామ్మగారింట్లో నల్లది అని తీర్మానించారు. ఏది మేలన్న సంగతి, ఇద్దరు విద్యార్థులూ స్వయంగా చదివి తేల్చేదాకా వాయిదా వేశారు. మామ్మగారు ఆ పూటే ఆర్గాను మూత తెరిచారు.

అది జరిగి మూడేళ్లయింది. వాయిదా ఇంకా వాయిదాలోనే ఉంది. ప్లంబరు ముందుగా నేర్చుకున్నాడు, ఇప్పుడు అతన్ని ఒక్క వచనంతో ఆపడం కష్టంగా ఉంది. పెదనాన్నకి గుణింతాలు పట్టుబడడానికి ఏడాది పట్టింది. ఒత్తుల్ని ఇప్పటికీ తాళం లోపలికి తొంగిచూసినట్టు ఒక కన్ను మూసి చూస్తాడు. బట్టీ పట్టడం మాత్రం మామ్మగారు నిషేధించారు. ఆదివారం చదవబోయే అధ్యాయాన్ని వారమంతా ఆయనకి వినిపించకూడదని పెద్దమ్మ దగ్గర మాట తీసుకున్నారు. గడ్డం గీసుకునేటప్పుడు పెద్దమ్మ ఇప్పుడు ఏమీ చదవదు. ఇరుగుపొరుగు సంగతులు చెబుతుంది.

క్లాసు ఇప్పుడు తొమ్మిదింటికి బదులు ఎనిమిదీ ముప్పావుకి మొదలవుతుంది. పెదనాన్న తన వంతు వచనం చదవడానికి పదిహేను నిమిషాలు పడుతుంది.