మామ్మ నేర్పిన నొప్పులు

సూదమ్మ అంటే ఆ ఆసుపత్రిలో తెలియనివాళ్లు లేరు. సూది దిగిందని తెలిసేలోపే దూది అద్దేసే నర్సు కాబట్టి పేషెంట్లే ముద్దుగా పెట్టిన పేరది. రిటైరై ఇన్నేళ్లయినా, ఎవరైనా పొట్ట పట్టుకుంటే ఆవిడ నోటికి ముందు చైనా మాటే వస్తుంది.

అప్పట్లో అన్నీ ఇనప మంచాలే. ఫినాయిల్ వాసన, కిటికీలోంచి లేత ఎండ. ఆ కిటికీ పక్క మంచం చైనా మామ్మది. ఫ్యాక్టరీలో ఇంజనీరుగా ఉన్న కొడుకు దగ్గరికొచ్చి, బాత్రూంలో జారి తుంటి విరగ్గొట్టుకుంది. సాయంత్రం కొడుకొచ్చేదాకా ఆవిడ భాష తెలిసిన మనిషే లేడు. అందుకే పొద్దున్నే సూదమ్మకి పాఠం పెట్టేది. తల పట్టుకుని, కళ్లు తేలేసి, "థో థంగ్" అనేది. తలనొప్పి. నడుం మీద చెయ్యేసి, "యావ్ థంగ్". సూదమ్మ అచ్చం అలాగే మూలుగుతూ అప్పజెప్పేది. సరిగ్గా చెబితే మామ్మ బొటనవేలు ఎత్తి పడీపడీ నవ్వేది.

"నువ్వు నర్సువా, నాటకాల కంపెనీవా తల్లీ?" అనేది ఆయా, దుప్పటి దులుపుతూ.

"నీకెందుకే కుళ్లు? కావాలంటే నువ్వూ వచ్చి కూర్చో."

ఒకరోజు మామ్మ పొట్ట పట్టుకుని, "తూజ థంగ్" అంది. కొత్త పాఠం! సూదమ్మ హుషారుగా తన పొట్ట పట్టుకుని, మొహం వంకర్లు తిప్పి, "తూజ థంగ్!" అంది. మామ్మ మళ్లీ అంది. ఈవిడా మళ్లీ అంది. ఆయా చప్పట్లు కొట్టింది.

బొటనవేలు మాత్రం లేవలేదు.

మామ్మ చెయ్యి పట్టుకుంటే మంచుగడ్డ. నుదుటి నిండా చెమట.

"అయ్యో నా తల్లీ, ఇది పాఠం కాదే!" సూదమ్మ ఆవిడ పొట్ట నొక్కి చూసింది. ఒకటే పరుగు. "డాక్టరుగారూ, మామ్మ పొట్ట రాయిలా అయిపోయిందండీ, రండి!"

పేగు మెలిపడిందట. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదన్నారు. ఆపరేషనై మామ్మ కళ్లు తెరిచేదాకా సూదమ్మ ఇంటికెళ్లలేదు. బయట బల్లమీద కూర్చున్న కొడుకుని పట్టుకుంది.

"బాబూ, నిజంగానే నొప్పిగా ఉందా అని మీ భాషలో ఎలా అడగాలి?"

అతను చెప్పాడు. దార్లో మర్చిపోకుండా వల్లించుకుంటూ మంచం దగ్గరికెళ్లి, మెల్లగా అడిగింది.

"జన్‌ద థంగ్ మా?"

మామ్మ నవ్వబోయి, కుట్లు లాగేసరికి, "థంగ్" అంది.

సూదమ్మ ఆ మాట అప్పజెప్పలేదు. నొప్పి మందు కోసం అప్పటికే సగం వార్డు దాటేసింది.