రెండుసార్లు వేగిన సోయా

2022 వానాకాలం. నాచారం పారిశ్రామికవాడలో కోళ్ల దాణా పరీక్షించే చిన్న ల్యాబులో నేను అనలిస్టుని. రామంతాపూర్ నుంచి షేర్ ఆటోలో వెళ్లేదాన్ని. వాన వెలిసిన పొద్దుల్లో ఫ్యాక్టరీల పొగ, తడి నేల ఆవిరి కలిసిపోయి రోడ్డు చివర కనబడేది కాదు. ఆటో ఎక్కడికో మబ్బులోకి పోతున్నట్టు ఉండేది.

అలాంటి ఒక పొద్దున చెంగిచెర్ల అవతల బ్రాయిలర్ షెడ్డు నడిపే సత్తెమ్మ వచ్చింది. యాభై దాటిన మనిషి. చేతిలో సోయా మీల్ సంచి. సోయా గింజల్లోంచి నూనె తీశాక మిగిలే చెక్క పొడి అది. కోడిపిల్లకు కండ పట్టేది ఎక్కువగా దానివల్లే. ఆమె షెడ్డులో పిల్లలు తింటున్నాయి గానీ ఎదగడం లేదు. పశువుల డాక్టరు రోగమేమీ లేదని, దాణా చూపించమని పంపాడట. ఈ బ్యాచు కూడా ఇట్లాగే పోతే షెడ్డు మూసేస్తానంది. గొంతు తగ్గించి చెప్పింది.

“దాణా పట్టిచ్చేది మా తమ్ముడు రాజయ్యనే మేడం. ఉప్పల్‌ల మిల్లుంది. ఈ సోయా ఆడికెల్లే తెచ్చిన. నేనిటు వచ్చినట్టు వానికి తెల్వదు.”

క్రూడ్ ప్రోటీన్, అంటే మొత్తం మాంసకృత్తుల లెక్క, బాగానే వచ్చింది. తర్వాత యూరియేజ్ టెస్టు పెట్టాను. పచ్చి సోయాలో కోడికి అరుగుదల చెడగొట్టే పదార్థాలుంటాయి. వేడి తగిలితే అవి పోతాయి. సరిగ్గా ఉడికిందో లేదో తేల్చడానికి పొడిని తేనెరంగు ద్రవంలో చల్లి చూస్తాం. ఉడకని చోట గులాబీ చుక్కలు లేస్తాయి. కిటికీలోంచి వచ్చే వాన వెలుగులో ఆ గాజుపళ్లెం చిన్న చెరువులా మెరుస్తోంది. సత్తెమ్మ, నేను దానిమీదికి వంగి ఎదురుచూశాం. చుక్క లేవలేదు.

“మంచిదేనా మేడం?” అని అడిగింది.

ఇంకా తేలలేదన్నాను. బాగా ఉడికిన పొడిలో కూడా అక్కడక్కడ ఒకటో రెండో లేస్తాయి. పైగా ఆ పొడి రంగు ముదిరి ఉంది, వాసన వేరుశెనగలు వేయించినంత కమ్మగా ఉంది. అందుకే కేఓహెచ్ సాల్యుబిలిటీ కూడా చేశాను. క్షార ద్రవంలో ప్రోటీన్ ఎంత కరుగుతుందో చెప్పే పరీక్ష. చాలా తక్కువ కరిగింది. సోయా మాడింది. అతి వేడికి లైసిన్ అనే ముఖ్యమైన పోషకం చక్కెరలతో బిగుసుకుపోతుంది. రిపోర్టులో ప్రోటీన్ ఉంటుంది, కోడికి అందదు.

మాడింది మిల్లుకు రాకముందో వచ్చాకో తేలాలంటే మిల్లుకు వచ్చిన సరుకు వచ్చినట్టే కావాలన్నాను. తమ్ముడికి చెప్పక తప్పలేదామెకు. మర్నాడు ఇద్దరూ వచ్చారు. ఆ సరుకు పరీక్షలో చక్కగా నిలిచింది. మరి మిల్లులో ఏం చేస్తున్నారని అడిగాను. రాజయ్య తలవంచుకునే చెప్పాడు.

“పోయినేడు సోయా సరిగ్గ ఉడకక అక్క కోడిపిల్లలు ఎదగకపాయె మేడం. గప్పటిసంది అక్క దాణాకు వచ్చిన సోయా మళ్లొక్కసారి డ్రమ్ముల ఏయిస్తున్న. ఇంకెవ్వరికి ఏయించ.”

“నాకెందుకు జెప్పలే తమ్మీ?”

“జెప్తే మళ్ల ఫికర్ జేస్తవని.”

సత్తెమ్మ అతని భుజం మీద చెయ్యి వేసింది. నువ్వు బాధపడతావనే నేనూ చెప్పకుండా వచ్చానంది. బయట వాన మళ్లీ మొదలైంది.

రాజయ్య వేయించడం మానేశాడు. ప్రతి లోడులోంచి ముందుగా గుప్పెడు మాకు పంపేవాడు. తర్వాతి బ్యాచు పెరుగుతున్నప్పుడు సత్తెమ్మ నన్ను షెడ్డుకు పిలిచింది. పరదాల సందుల్లోంచి పడే పల్చని ఎండలో, లేచిన పొట్టు ధూళిలో, తెల్లటి కోళ్లు నేలమీద పరుచుకున్న మంచులా మెల్లగా కదులుతున్నాయి. అన్నీ ఒకే ఎత్తు. ఆమె వాటి మధ్యలోంచి, నీళ్లలో నడిచినట్టు, అడుగు తీసి అడుగు వేస్తూ వెళ్లింది.

వేడి తక్కువైతే వచ్చే చెడుపు గురించి మా పనిలో అందరూ జాగ్రత్తపడతారు. వేడి ఎక్కువైతే వచ్చేది కూడా కోడికి అంతే చేటని పుస్తకంలో నేనూ చదివాను. ఆ వేడి ఒక్కోసారి పాత నష్టం మిగిల్చిన భయంలోంచి పుడుతుందని మాత్రం ఆ అక్కాతమ్ముళ్లే చూపించారు. శాంపిల్ తెచ్చినవాళ్లను అప్పటినుంచి ఒక ప్రశ్న అదనంగా అడుగుతున్నాను, ఇంతకుముందు ఏం పోగొట్టుకున్నారని.