సీనియారిటీ ప్రకారం బేస్‌బాల్

ఆ రోజుల్లో, అంటే ఇంటర్నెట్ సెంటర్లోకి చెప్పులు బయట విడిచి వెళ్లిన రోజుల్లో, నేను యువకుణ్ణి. వయసు నలభై రెండు. (మా ఆఫీసులో మిగిలినవాళ్లంతా యాభై దాటినవాళ్లు కాబట్టి నన్ను పిలగాడనేవారు. నేనూ కాదనలేదు.) నాగర్‌కర్నూల్‌లో ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాను. ఎవరు సీనియరు, ఎవరు జూనియరు, ఎవరు సెలవులో ఉన్నారు, ఎవరు ఉన్నా లేనట్టే అన్నవి రాసిపెట్టడం నా పని. చివరి రకం వివరాలు మాత్రం ఫైల్లో కాక నా సొంత డైరీలో రాసుకునేవాణ్ణి. నా భార్య గద్వాలలో టీచరు. శనివారం సాయంత్రం బస్సెక్కి, వనపర్తిలో మారి గద్వాల చేరడం, సోమవారం పొద్దున్నే అదే దారిన వెనక్కి రావడం, ఆరేళ్లుగా ఇదే మా సంసారం. గద్వాలకు బదిలీ కోరుతూ దరఖాస్తు పెట్టుకున్నాను. దాని మీద మా సూపరింటెండెంట్ గారు రెండు మంచి మాటలు రాసి పైకి పంపాలి. ఆయన ఎప్పుడు అడిగినా "చూద్దాం తియ్యి" అనేవారు. చూడడం ఆయనకు చాలా ఇష్టమైన పని. ముఖ్యంగా కిటికీలోంచి.

బేస్‌బాల్ మా జీవితంలోకి పీఈటీ సార్ వల్ల వచ్చింది. ఆయన హైస్కూలు పిల్లలకు సాఫ్ట్‌బాల్ నేర్పేవారు కాబట్టి, దాని పెద్దన్న లాంటి బేస్‌బాల్ మీద నాగర్‌కర్నూల్ మొత్తానికీ ఆయనే అధికారి. అమెరికాలో నిజంగా ఆడే ఆటగాళ్లను మనం ఇక్కడ కూర్చుని జట్టుగా ఎంచుకోవచ్చనీ, వాళ్లు అక్కడ బాగా ఆడితే మనకు ఇక్కడ పాయింట్లు వస్తాయనీ ఏదో వెబ్‌సైటులో కనిపెట్టారు. ఇంటర్నెట్ సెంటరు నా బామ్మర్దిదే. అతనూ చేరాడు. కంప్యూటర్ అంటే ఏమిటో చూద్దామని వచ్చిన సూపరింటెండెంట్ గారు కూడా చేరారు. మొత్తం ఆరుగురం. (మిగిలిన ఇద్దరి గురించి చెప్పడానికి ఏమీ లేదు. డైరీలోనూ ఏమీ లేదు.)

డబ్బు పందెం వద్దు, ఆఖరున వచ్చినవాడు తనకు ఇష్టమైనది ఏదైనా వదులుకోవాలి అన్నారు పీఈటీ సార్. ఆయన తన విజిల్ పెట్టారు. సూపరింటెండెంట్ గారు కుర్చీలోని దిండు పెట్టారు, అంటే ఉద్యోగంలో సగం పెట్టినట్టే. బామ్మర్ది నా వైపు చూసి, "బావ, నీ ఈ ఏడాది డైరీ పెట్టు. ఓడితే మేం అందరి ముందట సదువుతం" అన్నాడు. అప్పటికి డైరీలో వాన పడిన రోజులూ, బస్సు ఆలస్యమైన రోజులూ తప్ప ఏమీ లేవు. పైగా ఓడిపోతానని నాకేమైనా తెలుసా? సరే అన్నాను.

ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకోవాలి. మిగతావాళ్లు కిందటేడు ఎవరు ఎక్కువ కొట్టారో చూసి, తొందరపాటుతో, ఏ పద్ధతీ లేకుండా ఎంచుకున్నారు. నేను ముందురోజే అందరి పుట్టిన తేదీలూ దించుకుని, నిలువు గీతలు కొట్టి, సీనియారిటీ జాబితా తయారు చేసుకున్నాను. ఇరవై ఏళ్ల సర్వీసు ఉన్నవాణ్ణి పక్కనబెట్టి నిన్నగాక మొన్న చేరినవాణ్ణి పిలవడం ఏ నిబంధన కింద సాధ్యం? నా వంతు వచ్చినప్పుడల్లా జాబితాలో పై పేరు చదివాను. పోటీ పడినవాడు ఒక్కడూ లేడు. అది నా ఎత్తుగడ ఎవరికీ తట్టకపోవడం వల్లేననుకున్నాను. అంతా అయ్యాక పీఈటీ సార్ నా జట్టును పైనుంచి కిందికి చూసి, "సారూ, ఇది టీమా, పింఛన్ల లైనా?" అన్నారు.

నా జాబితాలో మొదటివాడు బంతి విసిరే ఆటగాడు. పేరు పలకడం మాలో ఎవరికీ రాలేదు కాబట్టి పెద్దాయన అనేవాళ్లం. రెండో వారంలోనే ఆయన భుజం పట్టేసింది. గాయపడినవాళ్ల జాబితాలోకి వెళ్లాడు. అలాంటివాణ్ణి వదిలేసి ఇంకొకణ్ణి తెచ్చుకోవచ్చునట, ఒక్క నొక్కు నొక్కితే చాలునట. నాకు మనసొప్పలేదు. వైద్య కారణాల మీద సెలవులో ఉన్న మనిషిని సంజాయిషీ కూడా అడగకుండా తీసేయడమేమిటి? రోజూ ఆఫీసుకు వెళ్లేముందు సెంటర్లో పావుగంట కూర్చుని ఆయన ఆరోగ్యం చూసి డైరీలో రాసుకునేవాణ్ణి. ఆదివారం గద్వాలలో కూడా అదే ధ్యాస. నా భార్య రెండు వారాలు విని, "ఎవరో గని, భుజానికి నువ్వుల నూనె కాచి రాయుమనండి" అంది. ఆయన అమెరికాలో ఉన్నాడని చెప్పాను. "అక్కడ నువ్వులు దొరకవా?" అంది. వివరించడం మానేశాను.

పెద్దాయన్ని వదిలెయ్యమని బామ్మర్ది వారం వారం నన్ను బతిమాలేవాడు. అందరికంటే కటువుగా మాట్లాడింది సూపరింటెండెంట్ గారు. "తీసెయ్యవయ్యా గా ముసలోన్ని. పని చెయ్యనోన్ని పెట్టుకొని ఏం చేస్తవ్?" అన్నారు ఒకరోజు, దిండు సవరించుకుంటూ. ఆ మాట అన్నాక మధ్యాహ్నం రెండు నుంచి మూడున్నర వరకు నిద్రపోయారు. (సమయం డైరీలో ఉంది.)

ఆ మూడున్నరకే నాకు బుద్ధి గడ్డి తిన్నది. అమెరికా జట్టును నడపడం చేతకాకపోయినా పద్ధతి అలవాటైంది కాబట్టి, మా ఆఫీసునే ఒక జట్టు అనుకుని డైరీలో రాయడం మొదలుపెట్టాను. టైపిస్టు: వేగం ఉంది, తప్పులు అంతకంటే వేగం. అచ్చంపేట ఆఫీసు గుమాస్తా: చురుకైనవాడు, ఎలాగైనా తెచ్చుకోవాలి. బామ్మర్ది, పీఈటీ సార్ మా ఆఫీసువాళ్లు కాకపోయినా మొహమాటపడకుండా వాళ్లకూ చెరో పేజీ ఇచ్చాను. సూపరింటెండెంట్ గారి పేజీలో ఇలా రాశాను: "ఆరు నెలలుగా గాయపడినవారి జాబితాలో ఉన్నారు. గాయం ఎక్కడో తెలియదు. అచ్చంపేటకు ఈయన్నిచ్చి ఆ గుమాస్తాను తెచ్చుకుంటే ఆఫీసు బాగుపడుతుంది. కానీ అచ్చంపేటవాళ్లు ఒప్పుకోరు."

డైరీని పందెంలో పెట్టిన సంగతి నాకు గుర్తొచ్చింది ఆఖరి నెలలో, అయిదో స్థానంలో ఉన్నప్పుడు. ఆ పేజీ చింపేయవచ్చు కదా అని మీరడుగుతారు. నేను ఏటా జనవరి ఒకటిన ప్రతి పేజీకీ నంబరు వేస్తాను. ముప్పై ఏళ్లలో ఒక్క నంబరు తప్పలేదు. గద్వాల బదిలీ ఒకవైపు, పేజీ నంబరు ఒకవైపు పెట్టుకుని రెండు రోజులు ఆలోచించాను. పేజీ నంబరే గెలిచింది.

ఆఖరి వారంలో పెద్దాయన కోలుకున్నాడు. ఆరు నెలల నా ఓపికకు ఫలితం వచ్చిందని మురిసి, ఆయన్ని ఆడించాను. ఒక్క ఆటలో ఎదుటివాళ్లకు ఆయన ఇచ్చినన్ని పరుగులు ఆ ఏడాది ఇంకెవరూ ఇచ్చి ఉండరు. నేను ఆరో స్థానానికి జారాను. అదే రోజు ఆయన ఆట నుంచి విరమిస్తున్నట్టు ప్రకటించాడు. నాకు ముందుగా ఒక్క ముక్క చెప్పలేదు.

ఆదివారం పొద్దున, నేను గద్వాల వెళ్లకుండా ఆపి మరీ, సెంటర్లో అందరూ కూర్చున్నారు. బామ్మర్ది చదివాడు. తన పేజీ వచ్చేసరికి గొంతు కాస్త తగ్గించి చదివాడు. పీఈటీ సార్ తన పేజీకి విజిల్ ఊదారు. తర్వాతి పేజీ తిప్పి బామ్మర్ది ఆగిపోయాడు. సూపరింటెండెంట్ గారు చెయ్యి చాపి డైరీ తీసుకున్నారు. కళ్లజోడు పెట్టుకుని మెల్లగా, ఏ ఫైలునూ ఎన్నడూ చదవనంత శ్రద్ధగా చదివారు.

"అచ్చంపేట పిలగాడు గంత మంచిగ చేస్తడా?" అని అడిగారు.

"చేస్తాడు సార్" అన్నాను. అబద్ధం ఆడే ఓపిక కూడా లేదు.

"మంచిది" అని డైరీ మూసి నా చేతిలో పెట్టారు. ఆ పెద్దమనసుకు ఆ రాత్రి డైరీలో ఆయన గురించి ఒక పేరా పొగిడి రాశాను.

మూడు వారాలకు ఉత్తర్వు వచ్చింది. నాకు బదిలీ అయింది, అచ్చంపేటకు. నా స్థానంలో ఆ చురుకైన గుమాస్తా వస్తున్నాడు. సూపరింటెండెంట్ గారు నా సలహాను పూర్తిగా పాటించారు, ఒక్క పేరు మాత్రం మార్చారు. గద్వాల ఎక్కడ, అచ్చంపేట ఎక్కడ! భార్యకు ఫోన్ చేసి చెప్పాను. "ఆ అమెరికా ఆయనకు భుజం నయమైందా?" అంది. అంతకంటే గట్టిగా నన్ను ఎవరూ తిట్టలేదు.

నల్లమల అంచున ఆ అచ్చంపేటలో మూడేళ్లు చేశాక గద్వాల వచ్చాను. ఆ మధ్యలో ఒకసారి వనపర్తి బస్టాండులో సూపరింటెండెంట్ గారు కనిపించారు, రిటైరయ్యాక. మనిషి సగమైపోయారు. పక్కన కూర్చోబెట్టుకుని పల్లీలు పెట్టారు. "నా పేజీ ఉన్నదా, తీసేసినవా?" అని అడిగారు. "ఉంది సార్, తీయలేదు" అన్నాను. "ఉండనియ్యి. అదొక్కటే సక్కగ రాసినవ్" అని నవ్వారు. ఆయన బస్సు వచ్చింది. ఎక్కుతుంటే ఆయన చెయ్యి పట్టుకున్నాను.

నేనూ రిటైరయ్యాను. నిన్న పాత డైరీలు దులుపుతుంటే ఆ ఏడాదిది చేతికొచ్చింది. ఆఫీసులో అందరికీ పేజీ ఉంది, టైపిస్టుకు కూడా. నాకు మాత్రం లేదు. ఆ పేజీల చివర ఒక అర పేజీ ఖాళీగా ఉంది, నంబరు వేసి ఉంది. ఎడమ భుజం ఈమధ్య పట్టేస్తోంది కాబట్టి ఆ ఖాళీలో నా గురించి రాశాను: "గాయపడినవారి జాబితా. సీనియరు. తీసేయరాదు." రాశాక లోపలినుంచి నా భార్య నువ్వుల నూనె కాచి తెచ్చింది.