మా బావ మెచ్చిన షుగరు డాక్టరు

చిత్తూరులో మా బడికి ఉచిత వైద్య శిబిరం వచ్చిన రోజు పిల్లల్ని వరసలో నిలబెట్టే పని నాది. అందరూ అయిపోయాక ఖాళీగా కూర్చున్న నర్సు నన్ను కూడా వేలివ్వమంది. ఇచ్చాను. మిషను చూసి, పొద్దున ఏం తిన్నారని అడిగింది. ఇంకా ఏమీ తినలేదన్నాను. ఇంకో వేలు అడిగింది. నాకు షుగరున్నట్టు అలా తెలిసింది.

సంగతి బడి నుంచే మా ఆవిడకు ఫోను చేసి చెప్పాను. సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి పలమనేరు నుంచి ఆమె అన్న, మా బావ, ఫోనులో ఉన్నాడు. ఆయనకు పాడి ఆవులున్నాయి, చాలా ఏళ్ళుగా షుగరూ ఉంది. ఆవుల గురించి ఎక్కువ చెప్పుకోడు గానీ షుగరు మాత్రం ఆయనకొక హోదా. బంధువుల్లో ఎవరికి కొత్తగా షుగరొచ్చినా, ఆఫీసులో కొత్తగా చేరినవాణ్ణి పాత గుమాస్తా చూసినట్టు చూస్తాడు. నన్నూ అలాగే ఓదార్చి, తను మింగే మాత్రే నన్నూ మింగమన్నాడు. జబ్బు ఒకటే అయినప్పుడు మందు వేరేదెందుకని ఆయన వాదన. మా ఆవిడ ఫోను లాక్కుని, మాత్ర సంగతి తర్వాత, ముందు డాక్టరు సంగతి చెప్పమంది.

అలా మొదలైంది వెతుకులాట. మనవాళ్ళు సంతలో వంకాయలు ఏరుకున్నంత శ్రద్ధగా డాక్టరును ఏరుకోరని నాకు అప్పుడే అర్థమైంది. వంకాయనైతే తిప్పి తిప్పి పుచ్చుందేమో చూస్తారు. డాక్టరు దగ్గరైతే బండి పెట్టుకునే చోటుందా అని చూస్తారు. చదువుకున్నవాణ్ణి కాబట్టి నేను ఫోనులో వెతికాను. తిరుపతిలో ఒకాయనకు ఐదు నక్షత్రాలిచ్చిన మనిషి, అక్కడ ఏసీ బ్రహ్మాండంగా ఉందని రాశాడు. ఒక్క నక్షత్రమే ఇచ్చినతను సెల్ఫీ దిగనివ్వలేదని అలిగాడు. వైద్యం ఎలా ఉందో ఇద్దరూ రాయలేదు.

చివరికి బావ డాక్టరు దగ్గరికే తిరుపతి వెళ్ళాం. ఆ డాక్టరుకు మా బావ చెప్పిన యోగ్యత ఒక్కటే: జనం. కొండ మీద క్యూకు అలవాటుపడ్డ ప్రాణాలు కాబట్టి, ఎంతసేపు నిలబడితే అంత ఫలమన్నది మాకూ న్యాయంగానే తోచింది. మధ్యాహ్నం దాటాక లోపలికి పిలిచారు. నేను కుర్చీలో కూర్చోకముందే ఆయన రాయడం మొదలుపెట్టాడు. కూర్చున్నాక నాకు కనిపించింది చీటీ చివర సంతకమే. బయటికొచ్చాక బావ గర్వంగా, "సూస్తివా బావా, మొకం సూసే కనిపెట్టేస్తాడు," అన్నాడు. ఆయన నా ముఖం ఎప్పుడు చూశాడో నాకైతే తెలియలేదు.

రెండోసారి నక్షత్రాలాయన దగ్గరికి వెళ్ళాం. ఏసీ నిజంగానే బాగుంది. రక్తం చాలాసార్లు తీశారు. ఆహారం గురించి చెప్పే అమ్మాయి రంగుల పట్టిక ఒకటి చేతికిచ్చింది. అందులో అవకాడో ఉంది, ఆలివ్ నూనె ఉంది, మేము పేరైనా వినని ధాన్యమేదో ఉంది. రాగి సంగటి తినొచ్చా అని మా ఆవిడ అడిగింది. ఆ అమ్మాయి పట్టికను ముందూ వెనకా తిప్పి చూసి, అందులో లేదంది.

తిరుగు బస్సులో చంద్రగిరి దాటేదాకా మా ఆవిడ ఆ రంగుల పట్టికతో విసురుకుంటూ కూర్చుంది. తర్వాత అంది, "రెండు సోట్లకూ పోతిమి. ఇద్దురూ కాగితాలు సూసినారు గానీ, మిమ్మల్ని సూడలే."

మూడో డాక్టరును వెతికింది ఆమే. పక్కింటి ఆవిడకు కడుపుతో ఉన్నప్పుడు షుగరొస్తే చిత్తూరులోనే ఒక డాక్టరమ్మ చూసిందట. మా ఆవిడ అడిగిన ప్రశ్న వేరు: ఆమె మనం చెప్పేది వింటుందా? వింటుందని తెలిశాక, ఏం చదివిందో కూడా విచారించింది. తిరుపతిలో బావ డాక్టరు బోర్డు మీదున్న షుగరు చదువే ఈమెదీ. బావకు నచ్చలేదు. "మనూర్లో ఉండే డాక్టరేం డాక్టరు బావా? తెలివుంటే తిరుపతికి పొయ్యుండదా?" అన్నాడు. అయినా తప్పులు పట్టడానికి మాతో వచ్చాడు.

మందుల షాపు పైన మేడ మీద చిన్న గది. పొద్దున లేచింది మొదలు ఏమేం తింటానో డాక్టరమ్మ అడిగింది. నేను మర్యాదగా కొన్ని దాటేశాను. సాయంత్రం బోండాల సంగతి మా ఆవిడ చేర్చింది. తర్వాత డాక్టరమ్మ నన్ను మంచం మీద పడుకోబెట్టి, కళ్ళు మూసుకోమని, సన్నటి నైలాను పోగుతో అరికాళ్ళను తాకసాగింది. తాకినప్పుడల్లా ఊ అనాలి. ఊ, ఊ అన్నాను. తర్వాత చాలాసేపు ఏమీ తగల్లేదు. పరీక్ష అయిపోయిందనుకుని కళ్ళు తెరిచాను. పోగు నా బొటనవేలి మీదే ఉంది.

"షుగరు మీకు కొత్తగా వచ్చింది కాదు సార్. తెలిసిందే కొత్తగా," అందామె.

వారాల తరబడి నేను ఏసీలూ నక్షత్రాలూ బేరీజు వేశాను. నా వేలు నాకు చెప్పకుండానే మొద్దుబారింది.

అప్పటికి మా బావ కాళ్ళు రెండూ కుర్చీ కిందికి లాక్కున్నాడు. మా ఆవిడ అది చూసి, నువ్వూ చూపించన్నా అంది. ఆయన కదలకపోతే తనే వంగి చెప్పు లాగింది. చిటికెన వేలికి పసుపు రాసి గుడ్డ కట్టి ఉంది. కొట్టంలో ఆవు తొక్కిందట, నొప్పి లేదు గనక పట్టించుకోలేదట. డాక్టరమ్మ గుడ్డ విప్పి చూసింది. వేలు నల్లబడి ఉంది.

"నొప్పి ల్యాకపోవడమే బయమన్నా," అంది డాక్టరమ్మ మెల్లగా, ఆయన యాసలోనే.

ఇన్నేళ్ళలో తిరుపతి డాక్టరు ఒక్కసారీ కాళ్ళు చూడలేదా అని ఆమె అడిగితే, మా బావ ఆయన్నే వెనకేసుకొచ్చాడు. "అంత జనంలో కాళ్ళెవురు సూస్తారమ్మా?"

ఆ రోజే ఆమె పెద్దాసుపత్రి సర్జనుకు ఫోను చేసి పంపింది. ఆ వేలు తీసేశారు. పాదం దక్కింది. బావ ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ షుగరు గురించి ఎవరికీ సలహా చెప్పలేదు. అది చూసే మా ఆవిడ ఎక్కువ భయపడింది.

నాకు సంగటి ఒక ముద్ద మిగిలింది, బోండాలు పోయాయి, పొద్దున్నే నడక వచ్చింది. బావ కోలుకున్నాడు, గొంతూ కోలుకుంది. చిత్తూరు డాక్టరమ్మను కనిపెట్టింది తానేనని ఇప్పుడు పలమనేరు పాలకేంద్రంలో చెప్పుకుంటున్నాడు. మా ఆవిడ ఫోను చేసి నిలదీయబోతే నేనే ఆపాను. మొన్న మందుల చీటీ కోసం వెళితే ఆ మేడ గదిలో బెంచీ మీద పలమనేరు రైతు ఒకాయన కూర్చుని ఉన్నాడు. ఎవరు పంపారని అడిగాను. మా బావ పేరు చెప్పి, "ఆయప్పకు డాక్టర్ల గురించి శానా తెలుసు సార్," అన్నాడు. అవునన్నాను.